జేబు కత్తి బ్లేడు మీది గీతలు: ఏది తుడవాలి, ఏది వదిలేయాలి, ఏది అరగదీయాలి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంత వరకు క్లుప్తంగా ముందు చెబుతాను. మూడు వారాల క్రితం ఒక మంచి మడత కత్తి కొన్నారు. బ్లేడు సాటిన్ మెరుగుది. అట్టపెట్టెలు కోసిన తరువాత బ్లేడుకు రెండు పక్కలా సన్నని గీతలు పడ్డాయి. మొదటిసారి సానపట్టినప్పుడు రాయి జారి, వాదరకు కాస్త పైన ఒక లోతైన గీత పడింది. ఇవి కాక బ్లేడు మొదట్లో, ఇరుసు దగ్గర, విల్లులా వంగిన గీత ఒకటి కనిపిస్తోంది. ఈ మూడింటినీ శాండ్‌పేపరుతో రుద్ది కత్తిని కొత్తదానిలా చేయవచ్చా, ఇలాగే వదిలేస్తే బ్లేడు బలహీనపడుతుందా, తుప్పు పడుతుందా అన్నవి మీ సందేహాలు.

బలం విషయంలో నిశ్చింతగా ఉండండి. మీరు వర్ణించిన గీతల్లో ఏ ఒక్కటీ కత్తి కోసే తీరును గాని, దాని దృఢత్వాన్ని గాని తగ్గించదు. శాండ్‌పేపరును మాత్రం ఇప్పుడే చేతిలోకి తీసుకోకండి. గీత అన్నది బ్లేడు మీద అంటుకున్న వస్తువు కాదు, అక్కడ ఉండవలసిన ఉక్కు లేకపోవడం. పోయిన ఉక్కును ఎవరమూ తిరిగి పెట్టలేము కాబట్టి, గీతను మాయం చేయాలంటే దాని చుట్టూ ఉన్న ఉపరితలాన్నంతా గీత అడుగు మట్టానికి దించవలసి వస్తుంది. ఒక వెంట్రుకంత గీత కోసం బ్లేడు పక్కభాగం మొత్తాన్ని అరగదీయడం అన్నమాట. ఆ ఖర్చు పెట్టదగిన గీతలు లేకపోలేదు గాని, అవి చాలా తక్కువ. కనుక ముందుగా ఏ మరక ఏమిటో గుర్తుపట్టడం నేర్చుకుంటే, సగానికి పైగా పని అక్కడే తీరిపోతుంది.

అట్టపెట్టె వంటి మెత్తని వస్తువు ఉక్కును ఎలా గీస్తుందని చాలామంది ఆశ్చర్యపోతారు. నిజానికి గీసేది అట్ట కాదు, అట్టలో ఉన్న దుమ్ము. రీసైకిల్ చేసిన కాగితపు గుజ్జులో సన్నని ఇసుక రేణువులు మిగిలిపోతాయి. పెట్టె నేలమీద ఈడ్చుకుంటూ వచ్చినప్పుడు మరికొన్ని అంటుకుంటాయి. ఇసుకలో ప్రధానమైనది క్వార్ట్జ్, మోస్ కొలతలో దాని కాఠిన్యం 7. రాక్‌వెల్ సి కొలతలో 60 దగ్గర ఉండే మంచి కత్తి ఉక్కు వికర్స్ కొలతలో సుమారు 700 అయితే, క్వార్ట్జ్ అదే కొలతలో 1000 దాటుతుంది. అంటే కంటికి కనబడని ఒక్క ఇసుక రేణువు అట్టకూ బ్లేడుకూ నడుమ చిక్కుకున్నా, ఎంత ఖరీదైన ఉక్కునైనా గీయగలదు. జేబులోని తాళంచెవులు, నాణేలు ఆ పని చేయలేవు. ఇత్తడి, రాగి మాత్రమే కాదు, నాణేలకు వాడే స్టెయిన్‌లెస్ స్టీలు కూడా గట్టిపరచిన బ్లేడు కంటే మెత్తనిదే. అవి గీకితే వాటి లోహమే బ్లేడు మీద పూసుకుంటుంది. జేబు అడుగున చేరే నూలుపోగుల ఉండలో దాగిన దుమ్మే అసలు దోషి.

మీ కత్తి మీద ఈ గీతలు అంత ప్రస్ఫుటంగా కనిపించడానికి కారణం వాటి లోతు కాదు, వాటి దిశ. సాటిన్ మెరుగు అంటే కర్మాగారంలో బెల్టుతో క్రమబద్ధంగా గీసిన వేలాది సన్నని గీతలే. సాధారణంగా అవి వెన్ను నుంచి వాదర వైపు నిలువుగా ఉంటాయి. మీరు అట్టను కోసేటప్పుడు బ్లేడు తన పొడవు వెంట జరుగుతుంది, అందువల్ల కొత్త గీతలు పాతవాటికి అడ్డంగా పడతాయి. వెలుతురు వాటి మీద వేరే కోణంలో ప్రతిఫలించడం వల్ల కన్ను ముందుగా అక్కడికే పోతుంది. కత్తిని కిటికీ దగ్గర పట్టుకొని మెల్లగా తిప్పి చూడండి. ఒక కోణంలో ఘోరంగా కనబడిన గీత, పది డిగ్రీలు తిప్పేసరికి మాయమవుతుంది. తరువాత గోటి అంచును గీతకు అడ్డంగా లాగి చూడండి. గోరు ఎక్కడా తట్టుకోకుండా జారిపోతే అది పైపై గీత, దాన్ని లెక్కపెట్టనక్కరలేదు. గోరు తట్టుకుంటే అది లోతైనదే.

ఈ కారణంగానే రోజూ పనికి వాడే కత్తులకు స్టోన్‌వాష్ మెరుగును నేను ఇష్టపడతాను. బ్లేడును చిన్న రాళ్ళతో లేదా సిరామిక్ ముక్కలతో కలిపి యంత్రంలో దొర్లించినప్పుడు అన్ని దిక్కులా చిన్న గుర్తులు పడతాయి కాబట్టి, కొత్త గీత ఆ గుంపులో కలిసిపోతుంది. అద్దం మెరుగు దీనికి పూర్తిగా వ్యతిరేకం, దాని మీద మెత్తని గుడ్డతో తుడిచిన గుర్తు కూడా దాగదు. ఇసుక లేదా గాజుపూసలను ఊది తెచ్చే బూడిదరంగు మెరుగు గీతలను కొంత దాచుతుంది గాని, దాని గరుకుదనంలో తేమ నిలిచి తుప్పుకు త్వరగా లొంగుతుంది.

ఇక గీతలాగా కనిపించినా గీత కాని మరకల గురించి చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం ఒక మిత్రుడు నల్లని డీఎల్‌సీ (వజ్రంలాంటి గట్టి కార్బన్) పూత ఉన్న కత్తిని నా దగ్గరకు తెచ్చి, నెల తిరగకుండానే పూత లేచిపోయిందని బాధపడ్డాడు. బ్లేడు మీద వెండిరంగు చారలు నాలుగైదు స్పష్టంగా కనిపించాయి. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కింద పెట్టి చూస్తే, ఆ చారలు పూత మట్టానికి కిందికి దిగి లేవు, పైకి ఉబ్బి ఉన్నాయి. అతడు ఇనుప స్టేపుల్ పిన్నులు ఉన్న పెట్టెలు కోసినట్టు అప్పుడు చెప్పాడు. పిన్నుల లోహం ఆ గట్టి పూత మీద పెన్సిలు కాగితం మీద రాసినట్టు పూసుకుపోయింది. బ్లేడు మీద ఒక చుక్క నూనె వేసి, పిల్లలు వాడే మామూలు రబ్బరుతో ఓపికగా రుద్దితే రెండు నిమిషాల్లో చారలన్నీ పోయాయి. ఆ రోజు అతడు శాండ్‌పేపరు పట్టి ఉంటే, కొన్ని మైక్రాన్ల మందం మాత్రమే ఉండే ఆ పూత నిజంగానే పోయేది.

కాబట్టి ఏ కత్తికైనా మొదటి పని శుభ్రం చేయడమే. పెట్టెల మీది టేపు జిగురు బ్లేడుకు అంటుకొని, దాని మీద దుమ్ము పేరుకొని, అచ్చం గీతల గుంపులాగే కనబడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన మెత్తని గుడ్డతో వెన్ను వైపు నుంచి పట్టుకొని, వాదర వైపుకు వేళ్ళు రాకుండా తుడవండి. గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచును మాత్రం దగ్గరకు రానీయకండి. దానిలో గరుకు రేణువులు కలిపి ఉంటాయి, అది జిగురును తీసి, బదులుగా వంద కొత్త గీతలు పెడుతుంది. మీరు చెప్పిన గీతల్లో కొన్ని ఈ దశలోనే కనబడకుండా పోతే నాకు ఆశ్చర్యం కలగదు.

ఇరుసు దగ్గరి విల్లులాంటి గీత గురించి మీరు అసలు కంగారుపడనక్కరలేదు. తెరిచిన బ్లేడును ఒక లోహపు పట్టీ ఆపి ఉంచే లైనర్ లాకు, ఫ్రేమ్ లాకు కత్తుల్లో, మూసిన బ్లేడు దానంతట అది తెరుచుకోకుండా ఆపడానికి, లాకు పట్టీలో ఉక్కుతో గాని సిరామిక్‌తో గాని చేసిన ఒక చిన్న గుండు ఉంటుంది. బ్లేడు తిరిగిన ప్రతిసారీ ఆ గుండు బ్లేడు మొదలు మీద ఒకే దారిలో నడుస్తుంది, ఆ దారే మీకు కనిపిస్తున్న విల్లు. కొద్ది వారాలకు ఆ దారి నునుపెక్కి, కత్తి తెరుచుకోవడం మరింత మృదువవుతుంది. దాన్ని రుద్ది తీసినా వారంలో మళ్ళీ పడుతుంది.

ఇలాంటి గీత ఇరుసు దగ్గర కాక బ్లేడు మధ్యలోనో మొనకు దగ్గరగానో, ఒక పక్కనే పడితే మాత్రం అది వేరే కథ. బ్లేడు మూసినప్పుడు నడిమధ్యన నిలవక, ఒక పక్క రేకును రాసుకుంటోందని దాని అర్థం. కత్తిని మూసి, మొన వైపు నుంచి కంటికి సూటిగా పెట్టి చూస్తే తెలిసిపోతుంది. ముందు పక్కల స్క్రూలు, తరువాత ఇరుసు స్క్రూ కాస్త వదులుచేసి, బ్లేడును నడిమికి తెచ్చి, కొంచెం కొంచెంగా, ఒక్కోసారి చుట్టులో ఎనిమిదో వంతు మాత్రమే బిగించండి. చాలా కత్తుల్లో ఇరుసులోకి చేరిన దుమ్మును ఊది, ఒక చుక్క నూనె వేయగానే ఈ ఇబ్బంది పోతుంది. పలు పనిముట్లు పక్కపక్కనే మడిచిపెట్టిన స్విస్ తరహా కత్తుల్లో మాత్రం పక్కనున్న పనిముట్టు బ్లేడును ఎంతోకొంత రాసుకోవడం సహజం, దాన్ని ఆ నిర్మాణంలో భాగంగానే చూడాలి.

తుప్పు సంగతికి వద్దాం. స్టెయిన్‌లెస్ ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఉపరితలం మీద కంటికి కనబడని ఒక పొరను ఏర్పరుస్తుంది, గీత పడినచోట ఆ పొర చిరిగినా గాలి తగలగానే దానంతట అదే మళ్ళీ ఏర్పడుతుంది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో లోహ నిపుణుడు హ్యారీ బ్రియర్లీ పోతపోసిన క్రోమియం ఉక్కు కత్తుల తయారీకి ఎంతో ఉపయోగపడింది ఈ గుణం వల్లనే. అందుచేత గీత పడినంత మాత్రాన తుప్పు పట్టదు. గీతలో ఉప్పునీరు, చెమట, పండ్ల పులుపు నిలిచి ఎండిపోతేనే ప్రమాదం. సుమారు 12 శాతం క్రోమియం ఉన్నా అందులో చాలా భాగం కార్బైడ్లలో (కార్బన్‌తో కలిసిన గట్టి రేణువుల్లో) చిక్కుకుపోయే డీ2 వంటి ఉక్కుల విషయంలో కొంచెం ఎక్కువ జాగ్రత్త అవసరం.

1095 వంటి కార్బన్ ఉక్కు బ్లేడు అయితే లెక్క పూర్తిగా వేరు. వాడినకొద్దీ దాని మీద బూడిద, నీలం, నలుపు రంగుల మచ్చలు వస్తాయి. అది చాలావరకు మాగ్నటైట్ (నల్లని ఇనుప ఆక్సైడు) వంటి గట్టిగా అంటిపెట్టుకొని ఉండే పొర, ఎర్ర తుప్పు అంత సులువుగా పట్టనీయకుండా అది కొంత కాపాడుతుంది కూడా. ఆ మచ్చలను తోమి తెల్లగా చేయాలని చూసేవారిని నేను ఎప్పుడూ వారిస్తాను, వారు కత్తికి ఉన్న కవచాన్ని ఊడదీస్తున్నారు. ఎర్రగా, పొడిలా రాలేది మాత్రం తుప్పే. దాన్ని నూనెతోను, మెత్తని ఇత్తడి పలుచని రేకు అంచుతోను వెంటనే తీసేయాలి, లేకుంటే లోపలికి గుంటలు తవ్వుతుంది.

ఇప్పుడు మీ మనసును నిజంగా బాధపెడుతున్న గీత, సాన జారినప్పుడు పడినది. వాదరకు ఒక్కో పక్క 15 నుంచి 20 డిగ్రీల కోణంలో సానపడతారు. అలసిపోయో తొందరపడో కత్తి వెన్నును కాస్త కిందికి వాల్చితే, రాయి వాదరను వదిలి బ్లేడు పక్కభాగాన్ని తాకుతుంది. రాయి అంచు పదునుగా ఉంటే గీత మరీ లోతుగా దిగుతుంది. ఇది దాదాపు అందరి చేతుల్లోనూ మొదట్లో జరుగుతుంది. ఆ గీత వాదరను ఆనుకొని, దాదాపు కలిసిపోయేంత దగ్గరలో ఉంటే దాన్ని అలాగే ఉంచండి. మీరు సానపట్టినకొద్దీ వాదర వెనక్కి జరుగుతుంది, వాదర వాలు వెడల్పై పైకి ఎక్కుతుంది, కొన్నేళ్ళలో ఆ గీత వాలులో కలిసిపోతుంది. గీత ఒకటి రెండు మిల్లీమీటర్ల పైన ఉంటే అంతవరకు ఆగడం అర్థం లేని మాట, అప్పుడు తీయాలా వద్దా అన్నది మీ ఇష్టం. నా చేతిలో ఉంటే వదిలేస్తాను. పనిచేసే కత్తికి పని గుర్తులు ఉండటం నాకు సమ్మతమే. అయితే ఆ గీత కనబడిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుందనుకుంటే తీయడం తప్పేమీ కాదు, పద్ధతిగా చేస్తే చాలు.

ముందు వారంటీ కాగితం చదవండి, కత్తిని విప్పితే వారంటీ వర్తించదని కొందరు తయారీదారులు రాస్తారు. విప్పకుండా కూడా ఈ పని చేయవచ్చు గాని, ఇరుసు దగ్గర టేపు చుట్టి లోపలికి పొడి పోకుండా చూడాలి. వాదర పొడవునా రెండు పొరలు మాస్కింగ్ టేపు అంటించండి. తరువాత బ్లేడును ఒక చెక్క మీద బల్లపరుపుగా పడుకోబెట్టి, వాదర చెక్క మీద ఆనేటట్టు, మీ నుంచి అవతలివైపు ఉండేటట్టు కదలకుండా బిగించండి. కత్తిని ఒక చేత్తో గాలిలో పట్టుకొని మరో చేత్తో రుద్దడం ఎన్నడూ చేయకండి. ఆ పనిలో వేళ్ళు తెగడం ఎంత సులువో నేను చూశాను.

శాండ్‌పేపరును వేలికి చుట్టకూడదు. మెత్తని వేలు గీత ఉన్నచోటే గుంట చేస్తుంది, ఆ గుంట వెలుతురులో నీటి అల లాగా కనబడి, తీయాలనుకున్న గీతకంటే వికారంగా ఉంటుంది. గట్టి చెక్కముక్కకో చదునైన ప్లాస్టిక్ ముక్కకో కాగితాన్ని చుట్టి, రెండు చుక్కల నూనె వేసి పని మొదలుపెట్టాలి. ఎప్పుడూ సన్నని కాగితంతోనే ఆరంభించండి. పి 1000 కాగితంలో రేణువు సగటున సుమారు 18 మైక్రాన్లు, పి 600లో సుమారు 26, పి 400లో 35. పి 1000తో ఇరవై ముప్ఫై సార్లు లాగినా గీతలో మార్పు లేకపోతే పి 600కు, అదీ చాలకపోతేనే పి 400కు దిగాలి. కొనేటప్పుడు అంకె ముందు పి అక్షరం ఉందో లేదో చూసుకోండి. అది లేని అమెరికా కొలత 600 కాగితం, దాదాపు పి 1200 అంత సన్ననిది. అంకె ఒకటే కదా అని కలగలిపి వాడితే గీతలు ఎందుకు పోవడం లేదో అర్థంకాక తలపట్టుకోవలసి వస్తుంది.

లోతైన గీతను తీసే దశలో కాగితాన్ని బ్లేడు పొడవు వెంట లాగండి. గీత పోయిందనుకున్నాక తదుపరి సన్నని కాగితాన్ని అడ్డంగా, అంటే వెన్ను నుంచి వాదర దిశలో లాగండి. ముందటి కాగితపు గుర్తులు ఒక్కటైనా పొడవునా మిగిలి ఉంటే, దిశ మారడం వల్ల వెంటనే బయటపడతాయి. ఆ మిగిలినవి పూర్తిగా పోయేవరకు తరువాతి కాగితానికి వెళ్ళకూడదు. ఈ ఒక్క నియమం పాటించకపోవడం వల్లనే చాలామంది పి 2000 దాకా వెళ్ళి, అద్దంలా మెరిసే ఉపరితలం కింద పి 400 గీతలు దెయ్యాల్లా కనబడితే మళ్ళీ మొదటికి వస్తారు. కాగితం మొద్దుబారగానే మార్చండి, అరిగిన కాగితం కోయదు, పాముతుంది.

చివరి వరుస అన్నిటికంటే ముఖ్యమైనది. మీ కర్మాగారపు మెరుగుకు దగ్గరగా ఉండే కాగితాన్ని ఎంచుకోండి, సాటిన్‌కు తరచుగా పి 600, పి 800 మధ్యలో సరిపోతుంది. కొత్త ముక్కను తీసుకొని, వెన్ను నుంచి వాదర వైపు, ఒకే దిశలో, ఆగకుండా ఒక్కో లాగుడు లాగి కాగితాన్ని పైకెత్తేయండి. ముందుకూ వెనక్కూ రుద్దితే, చెయ్యి దిశ మార్చేచోట ప్రతి గీత చివరా గాలం కొక్కెం లాంటి వంపు పడుతుంది, అది పడితే మెరుగు మొత్తం ఇంట్లో చేసినదని అరిచి చెబుతుంది. ఒకసారి లాగిన చోటు పక్కనే తరువాతి లాగుడు మొదలుపెడుతూ బ్లేడు అంతటా సాగండి. గీత ఉన్న చిన్న చోటు మాత్రమే చేసి ఆపితే, అక్కడొక మచ్చ మిగులుతుంది. ఒక పక్కకు గంట పట్టినా తొందరపడకండి.

ఈ పద్ధతి పనికిరాని బ్లేడులు కొన్ని ఉన్నాయి. పూత వేసిన ఏ బ్లేడుకూ ఇది వద్దు. వేర్వేరు ఉక్కులను పొరలుగా కలిపి చేసిన డమాస్కస్ బ్లేడు మీది అలల నమూనా ఆమ్లంతో తేల్చినది, రుద్దితే మసకబారుతుంది, మళ్ళీ ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచితే తప్ప తేలదు. లేజరుతో చెక్కిన చిహ్నాలు చాలా పైపైనే ఉంటాయి, అవి కూడా పోతాయి. ఇక మోటారుతో తిరిగే మెరుగు చక్రాన్ని అలవాటు లేనివారు అసలు వాడకూడదు. అది కత్తిని చేతిలోనుంచి లాక్కొని విసరగలదు. దానికి తోడు సన్నని వాదర క్షణాల్లో వేడెక్కుతుంది. మామూలు కార్బన్ ఉక్కును గట్టిపరచాక దాదాపు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాస్త మెత్తబరచి సమతూకానికి తెస్తారు. వాదర మీద నీలిరంగు కనబడిందంటే అక్కడ వేడి 300 డిగ్రీల దరిదాపుకు చేరిందని, ఆ భాగం కాఠిన్యం పోగొట్టుకుందని అర్థం. రంగును రుద్ది తీసేయవచ్చు గాని, పోయిన కాఠిన్యం తిరిగి రాదు.

పాత కత్తుల విషయంలో నేను చేసిన తప్పు ఒకటి ఇక్కడ చెప్పడం న్యాయం. మొదటి రోజుల్లో నా చేతికి వచ్చిన ఒక పాత కార్బన్ ఉక్కు కత్తిని, దాని నల్లని మచ్చలు చూడలేక, ఒక మధ్యాహ్నమంతా కూర్చొని తెల్లగా మెరిసేలా చేశాను. పని అయిపోయాక చూస్తే బ్లేడు మొదట్లోని తయారీదారు ముద్రలో రెండు అక్షరాలు చదవడానికి రాకుండా పోయాయి, గోరు పెట్టి తెరిచే గాడి అంచులు గుండ్రబడ్డాయి. సేకరణకర్తలు ముందుగా చూసేది ఆ అంచులనే, అలా మెరుగుపట్టిన కత్తికి వారి దృష్టిలో విలువ పడిపోతుంది. ఆ కత్తి ఇప్పటికీ బాగా కోస్తుంది, కానీ దాని వయసును నా చేతులతో నేనే చెరిపాను. వారసత్వంగా వచ్చిన కత్తి ఏదైనా మీ దగ్గర ఉంటే తుప్పు ఆపి, నూనె రాసి, అంతటితో ఆగండి.

ఇకపై గీతలు తగ్గాలంటే కోసిన వెంటనే బ్లేడును తుడవడం, మూసేముందు దాని మీద దుమ్ము లేకుండా చూడడం, నెలకొకసారి పిడి లోపలి సందులోని నూలుపోగులను తీయడం సరిపోతాయి. సానపట్టేముందు వాదర వాలును వదిలి, బ్లేడు పక్కల మీద మాస్కింగ్ టేపు అంటించండి, రాయి జారినా టేపు చిరుగుతుందే తప్ప ఉక్కుకు దెబ్బ తగలదు. నూనె కావాలంటే మినరల్ ఆయిల్ వాడండి, వంటనూనె కొన్నాళ్ళకు జిగటగా గడ్డకట్టి దుమ్మును పట్టి ఉంచుతుంది.

మీ గీతల కంటే ఎక్కువ శ్రద్ధతో చూడవలసినవి మూడు ఉన్నాయి: వాదర మీద వెలుతురులో తెల్లగా మెరిసే నొక్కులు, వాదరను చేరిన తుప్పు గుంటలు, తెరిచే రంధ్రం దగ్గర గాని బ్లేడు మొదట్లో గాని వెంట్రుకలా కనిపించే పగులు. మొదటి రెండూ సానతో తీరతాయి. పగులును గుర్తుపట్టాలంటే అక్కడ పలుచని నూనె రాసి, పూర్తిగా తుడిచి, కొద్ది నిమిషాలాగి చూడండి. పైపై గీత అయితే పొడిగానే ఉంటుంది, పగులైతే లోపల ఇంకిన నూనె సన్నని గీతగా మళ్ళీ పైకి ఊరుతుంది. అలా ఊరితే ఆ కత్తిని ఇక వాడకండి. మీ కత్తికి అది లేదని తేలితే, ఆల్కహాలుతో తుడిచి, ఒక నెల పాటు మామూలుగా వాడి, అప్పటికీ సాన జారిన గీత మిమ్మల్ని ఇబ్బందిపెడుతుంటే పి 1000 కాగితంతో మొదలుపెట్టండి.